ముందు నువ్వు పో

కామారెడ్డి నిజాంసాగర్ చౌరస్తాలో ఉదయం ఏడూ నలభైకి గంగారాం వ్యాను కదిలితే, తొమ్మిది లోపల ఎల్లారెడ్డి చేరాలి. అందులో ఎక్కే ఏడుగురూ ఉద్యోగులే. నలుగురు టీచర్లు, ఒక నర్సు, ఇద్దరు ఆఫీసు గుమాస్తాలు. కాపురాలు కామారెడ్డిలో, కొలువులు ఎల్లారెడ్డిలో. బడిలో నిలబడి ఫోనుకు ముఖం చూపిస్తేనే హాజరు పడే రోజులు వచ్చాక టీచర్లకు కూర్చున్న చోట కుదురు లేకుండా పోయింది. తొమ్మిది దాటితే ఆ ఫోను ఎవరి మొర వినదు.

ఆ ఏడాది వానలకు తాడ్వాయి దాటాక ఒక కల్వర్టు కొట్టుకుపోయింది. పక్కన సిమెంటు గొట్టాలు పరిచి, పైన మట్టి పోసి దారి చేశారు. ఒకసారికి ఒక్క బండే పడుతుంది. రెండు పక్కలా ఏటవాలు, కింద బురద. అంతలో వరికోతలు మొదలయ్యాయి. వడ్ల ట్రాక్టర్లు, కోత మిషన్లు, స్కూలు బస్సులు, ఆర్టీసీ బస్సులు, మోటారు సైకిళ్ల మీద పోయే ఉద్యోగులు, అందరూ పొద్దున ఎనిమిదింటికే అక్కడికి చేరేవారు. కల్వర్టుకు ముందు అర కిలోమీటరు దాకా రైతులు రోడ్డుకు కుడి అంచున వడ్లు ఆరబోసి, వడ్ల చుట్టూ రాళ్లు పేర్చారు. ఎదురుబండ్లు ఆ రాళ్లను తప్పించుకుంటూ రావాల్సి వచ్చేది.

కంట్రాక్టరు అక్కడ ముత్తయ్య అనే పెద్దమనిషికి రెండు జెండాలిచ్చి నిలబెట్టాడు. ముత్తయ్య ఎర్ర జెండా ఎత్తితే బండ్లు ఆగేవి కావు, తిట్లు మాత్రం పడేవి. నాలుగు రోజులకే ఆయన జెండాలు చంకలో పెట్టుకుని ఒక రాయి మీద కూర్చోవడం నేర్చుకున్నాడు. గంగారాం వ్యాను కనిపిస్తే మాత్రం లేచేవాడు. ఆ జెండాకు ఆగే బండి అదొక్కటే.

గంగారాం ఆగే తీరు వ్యానులో వాళ్లకు ఒంటికి కారం రాసినట్టుండేది. ఎదుటివాడు ఇంకా దూరంగా ఉండగానే లైటు ఒకసారి వేసి, ముందు నువ్వు పో అన్నట్టు చెయ్యి ఊపేవాడు. హారను ఒక్కసారే కొట్టేవాడు. పక్కనుంచి చొరబడే వాళ్లకు చోటిచ్చేవాడు. ముందు సీటులో కూర్చునే లెక్కల సారు మార్కండేయకు ఇంకో మూడేళ్ల కొలువుంది. ఈ మూడేళ్లూ నీ వెంట ఎడ్లబండిలో పోయినట్టే పోవాలా అని ఆయన రోజూ ఏదో ఒకటి అనేవాడు. మధ్య సీటులో కూర్చునే అనిల సైన్సు టీచరు. ఆలస్యమైందని ఆ నెలలోనే ఆమెకు రెండు ఒంటిపూట సెలవులు పోయాయి. ఆమె గంగారాంను ఏమీ అనేది కాదు. కిటికీ తీసి రోడ్డు మీది వాళ్లను అనేది.

అదే సమయానికి అదే దారిలో ఇంకో వ్యాను నడిచేది. దాని డ్రైవరు భీమేష్. ముప్పై దాటని మనిషి. లైను ఎంత పొడుగున్నా అతను లైనులో నిలబడినట్టు చూసినవాళ్లు లేరు. కుడివైపు చక్రాలు వడ్ల మీదికి ఎక్కించి, హారను మీద అరచెయ్యి అలాగే ఉంచి, అందరినీ దాటిపోయి కల్వర్టు దగ్గర ముక్కు దూర్చేవాడు. అతని వ్యానులో కూడా టీచర్లుండేవారు. గంగారాం వ్యానును దాటేటప్పుడు వాళ్లు ఇటు చూసి నవ్వేవారు. ఆ నవ్వు మార్కండేయ సారుకు ఆ రోజంతా గుర్తుండేది.

గంగారాం ఎందుకిట్లా నడుపుతాడో అందరికీ తెలుసు, లేదా తెలుసనుకునేవారు. అతనిది రాజంపేట. పదకొండేళ్లు షార్జాలో కంపెనీ బస్సు నడిపాడు. ఒకరోజు రోడ్డు మీద ఎవరికో బూతు సైగగా వేలు చూపించాడు. ఆ మనిషి ఫోనులో వీడియో తీసి కేసు పెట్టాడు. నెల రోజులు జైలులో ఉంచి, మళ్లీ రావద్దని విమానం ఎక్కించారు. ఊళ్లో అతన్ని వేలు గంగారాం అన్నారు. ఆ మాట పడలేకే కామారెడ్డికి మకాం మార్చి వ్యాను కొనుక్కున్నాడు. దెబ్బ తిన్న కుక్క కర్రకు భయపడ్డట్టు భయపడుతున్నాడని మార్కండేయ సారు వెనక సీట్ల వాళ్లతో అన్నప్పుడు, అది గంగారాంకు వినబడాలనే అన్నాడు.

నవంబరు రెండో వారంలో ఒకనాడు కల్వర్టు దగ్గర లైను కదలలేదు. గంగారాం ముందు ఒక కోత మిషను ఉంది. దానికీ తనకూ మధ్య ఎప్పటిలాగే కాస్త జాగా వదిలాడు. కుడివైపు నుంచి భీమేష్ వచ్చి ఆ జాగాలోకి వ్యాను తిప్పాడు. గంగారాం బ్రేకు మీద కాలు పెట్టి, రమ్మని చెయ్యి ఊపాడు. అంతటితో అయిపోయేదే. కానీ అనిల కిటికీలోంచి సగం బయటికి వంగి, నీకు సిగ్గూ శరం ఉన్నాయా, నిన్ను కన్నవాళ్లు పశువుల కొట్టంలో పెంచారా అని అడిగింది. భీమేష్ వ్యానులో నవ్వుతున్నవాళ్లు గప్‌చుప్ అయ్యారు. అతను ఇంజను ఆపకుండానే దిగాడు.

ఆడమనిషిని ఏమీ అనలేడు. నేరుగా గంగారాం కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నీ బండ్లకెళ్లి మా అమ్మను తిడుతుంటే వింటున్నవా? దిగు."

"తప్పయిందన్నా. ముందు నువ్వు పో."

"దిగమంటున్న."

"మేడం టైము లేక అన్నది. మనసుల పెట్టుకోకు."

భీమేష్ కిటికీలోంచి చెయ్యి పెట్టి చెంప మీద కొట్టాడు. ఆ చప్పుడు వెనక సీటు దాకా వినిపించింది. గంగారాం రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఆ చేతుల మీద నరాలు లేచి కనిపించడం పక్కనున్న మార్కండేయ సారు చూశాడు. ఆయన ఏమీ చెయ్యలేదు. ఎవ్వరూ ఏమీ చెయ్యలేదు. భీమేష్ రెండో దెబ్బకు చెయ్యి ఎత్తి, ఎదుటి మనిషి కదలకపోవడం చూసి విసుగు పుట్టినట్టు దించుకుని వెళ్లిపోయాడు.

మోటారు సైకిలు మీదున్న ఎవరో దాన్ని ఫోనులో తీశారు. మధ్యాహ్నానికల్లా అది ఎల్లారెడ్డిలో టీచర్ల గ్రూపులకూ, కామారెడ్డిలో డ్రైవర్ల గ్రూపులకూ చేరింది. తర్వాతి సోమవారం నుంచి గుమాస్తాలిద్దరూ భీమేష్ వ్యానులో ఎక్కారు. దెబ్బలు తినేవాడి వెంట పోవడం కన్నా కొట్టేవాడి వెంట పోవడం నయం అని వాళ్లలో ఒకడు చౌరస్తాలో అందరి ముందే అన్నాడు.

వీడియో వచ్చిన సాయంత్రం గంగారాం ఇంటికి వచ్చేసరికి అతని భార్య చంద్రవ్వ గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నీళ్లివ్వలేదు. కూర్చోమనలేదు. ఎవరు చూపించారో గాని ఆమె కూడా చూసింది.

"నీకు చెయ్యి లేవలేదా?" అంది.

గంగారాం చెప్పులు విడిచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఊరోళ్లంత నన్ను అడుగుతున్నరు. ఒక్క వేలు లేపినందుకు ఇన్నేండ్లు భయపడుతవా? ఇది షార్జా కాదు. ఇక్కడ నిన్నెవ్వడు జైలుల ఎయ్యడు."

"జైలుకు భయపడలే."

"మరి దేనికి?"

గంగారాం షార్జా సంగతి చెప్పాడు. ఆ సంగతి అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. వేలు చూపించింది చివర్లో. అంతకు ముందు జరిగింది ఒకటుంది. పని నుంచి తిరిగొచ్చే కూలీలు నలభై రెండు మంది ఆ రోజు బస్సులో ఉన్నారు. ఒక చిన్న కారువాడు రెండుసార్లు ముందుకొచ్చి అడ్డం తిప్పాడు. గంగారాంకు కళ్లు మసకలు కమ్మాయి. ఆ కారు వెంటపడ్డాడు. దాని వెనక గజం దూరం కూడా వదలకుండా, పెద్ద బస్సును ఆరు కిలోమీటర్లు తరిమాడు. వెనక అందరూ అరిచారు, తలొక భాషలో. బీబీపేట అతనొకడు కడ్డీలు పట్టుకుంటూ ముందుకొచ్చి, అన్నా నీ కాళ్లు మొక్కుతా, జర మెల్లగ పో, నాకు ఇద్దరు పిల్లలు అని భుజం మీద చెయ్యి వేశాడు. గంగారాం ఆ చెయ్యిని విదిలించి కొట్టాడు. ఆ మనిషి సీట్ల మధ్య పడ్డాడు. సిగ్నలు దగ్గర కారు ఆగినప్పుడు వేలు చూపించాడు.

"వేలుకు జైలేసిండ్రు," అన్నాడు గంగారాం. "గా ఆరు కిలోమీటర్లకు ఎవ్వడు ఏం అనలే. అడగనే లేదు."

చంద్రవ్వ చేతిలో ఆకు అలాగే ఉంది.

"గప్పుడు నాకు మంచిగనిపించింది చంద్రా. వాళ్లు ఏడుస్తుంటే గూడ మంచిగనే అనిపించింది. ఇయ్యాల వాడు కొట్టినంక మల్ల గట్లనే అయింది. చెయ్యి లేస్తే ఆగదు. ఎనక ఏడుగురున్నరు."

చంద్రవ్వ ఆకు చుట్టి, దారం కట్టి, చాటలో వేసింది. ఈ మాట ఆ సారుకు చెప్పావా అని అడిగింది. చెప్పుకునే ముచ్చటనా అన్నాడు అతను. ఆమె లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి అతని పక్కన పెట్టింది. ఆమె కోపం మాత్రం పోలేదు. అయినా వాడు కొట్టుడు తప్పే, వాని చెయ్యి పడిపోను అని అన్నం వడ్డించేటప్పుడు రెండుసార్లు అంది.

ఆ తర్వాత రోజుల్లో కల్వర్టు దగ్గర పగ పెరిగింది. భీమేష్‌ను చూసి ఇంకో పదిమంది వడ్ల మీది నుంచి తోలడం మొదలుపెట్టారు. చక్రాల కింద గింజ నలిగి పిండి అయ్యేది. రైతులు రాళ్ల వెంబడి నిలబడి దుమ్మెత్తి పోసేవారు. లైనులో ఉన్నవాళ్లు పక్కనుంచి వచ్చేవాడికి జానెడు చోటు కూడా దొరక్కుండా ముందు బండికి తమ బండి అంటించి నిలిపేవారు. దానివల్ల ఎదుటి బండ్లు రాలేకపోయేవి, ఇవి పోలేకపోయేవి. అందరూ రోజూ ఆలస్యమయ్యేవారు. అందరూ దానికి ఇంకొకరిని తిట్టేవారు.

డిసెంబరు మొదటి శుక్రవారం అది ముదిరింది.

గంగారాం ముందు ఆర్టీసీ బస్సు, వెనక ఖాళీ ట్రాక్టరు. ఆ వెనక ఒక ఆటో, ఒక కారు, ఇంకా చాలా ఉన్నాయి. భీమేష్ ఎప్పటిలాగే వడ్ల మీది నుంచి దూసుకొచ్చాడు. ఇద్దరు రైతులు వడ్ల కింది టార్పాలిన్ పట్టా లాక్కోబోతూ పక్కకు దూకారు. సరిగ్గా అప్పుడే మట్టిదారి మీది నుంచి వడ్ల బస్తాలు నిండిన లారీ ఒకటి ఎక్కి ఇటువైపు వచ్చింది. లారీ వెనక ఎదుటి లైనంతా ఉంది. అది వెనక్కి పోలేదు. భీమేష్ వెనక అతన్ని చూసి వచ్చిన బండ్లు మూడున్నాయి. అతనూ వెనక్కి పోలేడు. ఎడమకు దూరుదామంటే బస్సుకూ గంగారాం వ్యానుకూ మధ్య ఉన్న జాగా సగం బండికే సరిపోతుంది.

"ముందుకు జరుపు," అన్నాడు మార్కండేయ సారు. "బస్సుకు అంటియ్యి. ఇయ్యాల వాన్ని చూద్దాం."

గంగారాం జరపలేదు. వెనక్కి జరుపుదామంటే ట్రాక్టరు బంపరు ఆనుకునే ఉంది.

అంతలో రైతులు వచ్చి భీమేష్ తలుపు తీశారు. కాలరు పట్టి కిందికి లాగారు. వాళ్లకు మోటారు సైకిళ్ల వాళ్లు తోడయ్యారు. వాళ్లలో ఎంతమందిని అతను ఎన్నిసార్లు పక్కకు నెట్టాడో ఎవరికి తెలుసు. మొదట మాటలు, తర్వాత తోపులాట, తర్వాత దెబ్బలు. లారీ డ్రైవరు ఇంజను రేపుతూ అంగుళం అంగుళం ముందుకు తోస్తున్నాడు. భీమేష్ వ్యాను పక్క అద్దం లారీకి తగిలి పగిలింది. ఆ వ్యానులో తొమ్మిదిమందున్నారు. దిగే తలుపు బస్సుకు ఆనుకుని తెరుచుకోవడం లేదు. లోపల ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది.

గంగారాం తలుపు తెరిచాడు. దిగవద్దని మార్కండేయ సారు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. వాడు తినవలసిందే తింటున్నాడు, మనకెందుకు అన్నాడు. గంగారాం మెల్లగా చెయ్యి విడిపించుకుని దిగాడు.

ముందు ట్రాక్టరు దగ్గరికి పోయాడు. అన్నా, జర రెండు గజాలు ఎనకకు తీసుకోమని అడిగాడు. ట్రాక్టరు అతను పైనుంచి చూశాడు.

"నువ్వు వీడియోల దెబ్బ తిన్నోడివి గదా. వానికోసం అడుగుతున్నవా?"

"వానికోసం కాదన్నా. లారీ పోతెనే మనం పోతం."

"పోకుంటె పోకపాయె."

గంగారాం అక్కడే నిలబడ్డాడు. గొంతు పెంచకుండా అదే మాట మళ్లీ అడిగాడు. నా వెనక ఆటో ఉంది, దాన్ని జరపమను అన్నాడు ట్రాక్టరు అతను. ఆటో దగ్గరికి పోతే ఆటో అతను కారును చూపించాడు. కారులో ఉన్న మనిషి అద్దం దించకుండానే తిట్టాడు. తిడుతున్నట్టు పెదవులను బట్టి తెలుస్తోంది. గంగారాం అద్దం మీద వేలితో మెల్లగా తట్టి, అద్దం దిగేదాకా నిలబడి, లోపల ఉన్న మాటలన్నీ విని, అయిపోయాక అడిగాడు. కారతను హారను కొట్టి ఆ వెనకవాడిని బెదిరించి ఒక గజం వెనక్కి పోయాడు. ఒక్క గజం. తర్వాత ఆటో, దాని తర్వాత ట్రాక్టరు.

తన వ్యాను దగ్గరికి తిరిగి వచ్చేటప్పుడు కొట్లాట పక్కనుంచే రావాల్సి వచ్చింది. భీమేష్ మోకాళ్ల మీద ఉన్నాడు. చొక్కా చిరిగింది. పెదవి పగిలి గడ్డం మీద నెత్తురు కారుతోంది. తల ఎత్తి గంగారాంను చూశాడు. గుంపులో ఒకతను గంగారాంను గుర్తుపట్టి దారి వదిలాడు.

"రా అన్నా, నువ్వు గూడ ఒకటియ్యి. ఎవ్వడేమనడు."

గంగారాం కుడిచెయ్యి పిడికిలి పడింది. ఒళ్లు వేడెక్కింది. చెవుల్లో హోరు మొదలైంది. అది అతనికి తెలిసిన హోరే. ఇక్కడ ఎవరూ కేసు పెట్టరు. వీడియో తీసినా రేపు చౌరస్తాలో భుజం తట్టేవాళ్లే ఎక్కువ. చంద్రవ్వ కూడా తప్పు పట్టదు. మార్కండేయ సారు వ్యానులోంచి మెడ చాచి చూస్తున్నాడు. అనిల కూడా చూస్తోంది. గంగారాం అక్కడ ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. లారీ మళ్లీ ఒక జానెడు ముందుకు దూకింది. వ్యానులోంచి అరుపు వినిపించింది.

"నాకు పనున్నది," అని ఆ మనిషితో చెప్పి గుంపును దాటి నడిచాడు.

తన వ్యానును ట్రాక్టరు దాకా వెనక్కి తీశాడు. దిగి, లారీ ముందుకు పోయి, రెండు నిమిషాలు ఆగమని ఆ డ్రైవరుకు చేతితో చూపించాడు. ముత్తయ్యను పిలిచి లారీ ముందు ఎర్ర జెండా పట్టుకోమన్నాడు. ఆ తర్వాత భీమేష్ వ్యాను ఎక్కి కూర్చున్నాడు. ఇంజను నడుస్తూనే ఉంది. వెనక సీటులో పాత గుమాస్తాలిద్దరూ ఉన్నారు. ఒకడు గంగారామన్నా అన్నాడు. గంగారాం తిరిగి చూడలేదు. కొత్త బండి, క్లచ్చు గట్టిగా ఉంది. రెండుసార్లు ముందుకూ వెనక్కూ మలిపి, బస్సు వెనక ఆ వ్యానును నిలిపాడు. వడ్ల రాళ్లకూ వ్యానుకూ మధ్య లారీకి దారి పడింది.

ఎదురుగా లారీ కనబడేసరికి భీమేష్ వెనక వచ్చిన మూడు బండ్లూ ఒక్కొక్కటే వెనక్కి తగ్గాయి. లారీ కదిలింది. దాని వెనక ఎదుటి లైను కదిలింది. ఆ బండ్లకు అడ్డంగా ఉన్న మోటారు సైకిళ్లు తియ్యమని హారన్లు మొదలయ్యాయి. కొడుతున్నవాళ్లు ఒక్కొక్కరే కొట్టడం ఆపి తమ బండ్ల వైపు పరిగెత్తారు. రైతులు మాత్రం భీమేష్ చుట్టూ ఇంకాసేపు నిలబడి, వడ్లలో మళ్లీ చక్రం పెడితే కాళ్లు విరగ్గొడతామని చెప్పి పోయారు.

భీమేష్ లేచి, నోరు తుడుచుకుంటూ తన వ్యాను దగ్గరికి వచ్చాడు. గంగారాం అప్పుడే దిగుతున్నాడు.

"నా బండి ఎవన్నడిగి ముట్టినవ్?"

"లారీకి తొవ్వ కావాల్నని జరిపిన."

"నన్ను కొడుతుంటె చూసి, ఇప్పుడు నా బండి నడిపి పెద్దమనిషివి అయితున్నవా? నిన్ను చూస్కుంట."

"సరే. బస్సు కదిలింది, ముందు నువ్వు పో."

భీమేష్ ఉమ్మి వేశాడు. అది గంగారాం కాళ్ల దగ్గర పడింది. కొట్టలేక వేశాడో, కొట్టకూడదని వేశాడో గంగారాం ఆలోచించలేదు. తన వ్యానుకు వచ్చి కూర్చున్నాడు.  రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు.

ఎల్లారెడ్డి చేరేసరికి తొమ్మిదీ పద్నాలుగు. నలుగురు టీచర్లకూ హాజరు పోయింది. దిగేటప్పుడు మార్కండేయ సారు తలుపు వెయ్యలేదు. ఇక వేరే బండి చూసుకుంటానని చెప్పాడు. నువ్వు మంచోడివి కావచ్చు గాని, నీ మంచితనం నా సర్వీసు మీద చెయ్యకు అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదని గంగారాంకు అనిపించింది. ఆ మాట అంత తేలిగ్గా అనగలిగాడంటే, ఎన్నాళ్లుగానో నాలుక మీద పెట్టుకుని తిరుగుతున్నాడన్నమాట. గంగారాం దిగి, చుట్టూ తిరిగి వచ్చి ఆ తలుపు వేశాడు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ముందు సీటు ఖాళీగా ఉంది. అనిల వచ్చి అందులో కూర్చుంది.  లింగంపేట దాటాక, రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

"ఆనాడు నేను నోరు పారేసుకుంటెనే గదా మీకు దెబ్బ పడింది?"

అట్లా ఏం లేదు మేడం అంటాడని ఆమె అనుకుంది. ఎవరైనా అదే అంటారు.

"అవును మేడం," అన్నాడు గంగారాం. "గా దెబ్బ మీదే. నేను తిన్న."

అనిల ముఖం ఎర్రబడింది. ఇంకో రెండు ఊళ్లు దాటాయి. కోపం వచ్చిందో, సిగ్గయిందో ఆమెకే తేల్చుకోబుద్ధి కాలేదు. తాడ్వాయి దగ్గర పడుతుండగా, రేపటి నుంచి ఏడూ ఇరవైకే బయలుదేరుదామా అని అడిగింది. నేను వస్తా, సిస్టరును కూడా ఒప్పిస్తా, మిగతావాళ్లు వస్తే వస్తారు అంది. గంగారాం తల ఊపాడు. క్షమించమని ఆమె అడగలేదు. అడగాల్సిన అవసరం అతనికీ కనిపించలేదు.

మార్కండేయ సారు అన్నట్టే వేరే కారు చూసుకున్నాడు. పొద్దున్నే లేవలేనని ఇంకో టీచరు మానేసింది. ముగ్గురే మిగిలారు. ఇరవై నిమిషాలు ముందు బయలుదేరితే లైనులో నాలుగు బండ్లు తక్కువ ఉండేవి, అంతే తేడా. తిట్లు అలాగే ఉండేవి. ముత్తయ్య జెండాకు ఇంకో ఇద్దరు ముగ్గురు ఆగడం మొదలుపెట్టారు. అయితే అది జెండా మీది గౌరవంతో కాదు. రైతులు వడ్ల అంచున కట్టెలు పట్టుకుని నిలబడుతున్నారు.

భీమేష్ వారం రోజులు కనబడలేదు. తర్వాత వచ్చాడు. పక్క అద్దం కొత్తది వేయించాడు. లైనులో గంగారాం వెనక మూడో బండిగా నిలబడ్డాడు. ఎదుటి బస్సుకు గంగారాం దారి వదిలినంతసేపూ వెనకనుంచి హారను కొడుతూనే ఉన్నాడు. చెయ్యి తియ్యకుండా కొట్టాడు. గంగారాం బస్సు పూర్తిగా దాటేదాకా ఆగి, మట్టిదారి ఎక్కాడు.

ఆ రోజు తొమ్మిదికి పావు తక్కువకే ఎల్లారెడ్డి చేరారు. ముగ్గురినీ ఎవరి చోట వాళ్లను దింపి, డీజిలు పోయించుకుని గంగారాం బస్టాండు వెనకనున్న చాయ్ హోటలు దగ్గర వ్యాను ఆపాడు. పొద్దున వచ్చిన డ్రైవర్లందరూ సాయంత్రం బడి విడిచేదాకా అక్కడే ఉంటారు. ఇంకో నీడ లేదు. రేకుల కింద ఒకే బెంచీ ఉంది. దాని మీద భీమేష్ ఒక్కడే కూర్చున్నాడు. పెదవి మీద పక్కు ఇంకా ఊడలేదు. గంగారాంను చూసి ముఖం అటు తిప్పుకున్నాడు గాని లేవలేదు.

గంగారాం చాయ్ తీసుకుని బెంచీ ఇంకో చివర కూర్చున్నాడు. సాయంత్రం నాలుగున్నర దాకా ఇద్దరూ అక్కడే ఉండాలి.